జాన్ బోనమ్ డ్రమ్స్: ఆ బరువు ఎక్కడిది, పాటల కింద అతని పేరు ఎందుకుంది

ప్రశ్న టూకీగా ఇది. మీరు రెండేళ్లుగా డ్రమ్స్ నేర్చుకుంటున్నారు. 22 అంగుళాల కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఉన్న ఐదు పీసుల కిట్ ఉంది. ఎంత గట్టిగా కొట్టినా లెడ్ జెపెలిన్ అనే బ్రిటిష్ రాక్ బృందం రికార్డుల్లో జాన్ బోనమ్ వాయించిన బరువు రావడం లేదు. డ్రమ్మర్‌కి పాటల రచనలో పేరు ఎలా దక్కింది, అతని ప్రయాణం ఎలా సాగింది, అతని పాటలు ఏ వరసలో సాధన చేయాలి అని కూడా అడిగారు.

"ఎంత గట్టిగా కొట్టినా" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. బోనమ్ గట్టిగా కొట్టేవాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ శబ్దానికి కారణాలు వరసగా చెప్పమంటే బలాన్ని నేను నాలుగో చోట పెడతాను. డ్రమ్స్ శ్రుతి, కాళ్లూ చేతుల మధ్య సమతూకం, వాయించిన గది, ఈ మూడూ దానికి ముందు. పాటల కింద అతని పేరు రావడానికీ దీనికీ సంబంధం ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు మనిషి గురించి. జాన్ హెన్రీ బోనమ్ 1948 మే 31న ఇంగ్లండులో, వూస్టర్‌షైర్‌లోని రెడిచ్‌లో పుట్టాడు. తండ్రిది వడ్రంగం, ఇళ్లు కట్టే పని. ఐదేళ్లప్పుడే డబ్బాలు, కాఫీ టిన్నులు బోర్లించుకుని జీన్ క్రూపా, బడ్డీ రిచ్, మాక్స్ రోచ్‌ల వాయింపును అనుకరించేవాడు. పదేళ్లకి తల్లి ఒక స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్) కొనిచ్చింది, పదిహేనేళ్లకి తండ్రి ప్రీమియర్ కంపెనీ కిట్ కొనిచ్చాడు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది లేదు. ఆ మూడు పేర్లూ జాజ్ డ్రమ్మర్లవేనని గమనించండి. హార్డ్ రాక్ వాయించిన ఈ మనిషి చేతిలో చివరిదాకా స్వింగ్ ఉంది. నేరుగా ఎనిమిదో భాగాలు కొడుతున్నప్పుడు కూడా లోపల మూడు మాత్రల ఊపు నడుస్తూ ఉంటుంది. అతన్ని అనుకరించేవాళ్లు చాలామంది వదిలేసేది దీన్నే.

1964లో బడి మానేసి తండ్రి దగ్గర వడ్రంగి పనిలో చేరాడు. సాయంత్రాలు బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల బృందాల్లో వాయింపు: టెరీ వెబ్ అండ్ ద స్పైడర్స్, ద సెనేటర్స్, ఎ వే ఆఫ్ లైఫ్, క్రాలింగ్ కింగ్ స్నేక్స్. ఈ చివరిదాంట్లోనే గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌తో పరిచయం, ఆ తర్వాత ఇద్దరూ బ్యాండ్ ఆఫ్ జాయ్‌లో కలిసి పనిచేశారు. అప్పటికే పెళ్లయింది, 1966 జూలైలో కొడుకు జేసన్ పుట్టాడు. ఇల్లు గడవాలి కాబట్టి 1968లో అమెరికన్ గాయకుడు టిమ్ రోజ్ వెంట వారానికి 40 పౌండ్ల మీద వాయిస్తున్నాడు.

ఆ ఏడాది జూలైలో గిటారిస్టు జిమ్మీ పేజ్ అతని వాయింపు విని, తాను కడుతున్న కొత్త బృందానికి (అదే తర్వాత లెడ్ జెపెలిన్) ఇతనే కావాలని నిశ్చయించుకున్నాడు. బోనమ్ వెంటనే ఒప్పుకోలేదు. జో కాకర్, క్రిస్ ఫార్లో నుంచి కూడా పిలుపులున్నాయి, ఈ కొత్త బృందం నిలుస్తుందో లేదో తెలియదు. ప్లాంట్ ఎనిమిది టెలిగ్రాములు, మేనేజర్ పీటర్ గ్రాంట్ నలభై టెలిగ్రాములు అతను వెళ్లే పబ్బుకి పంపారని ప్రసిద్ధి. మిగతావాళ్ల పాటల కంటే వీళ్ల పాటలే తనకు నచ్చాయి కాబట్టి చివరికి ఒప్పుకున్నాడు. ఆగస్టులో లండన్‌లోని జెరార్డ్ స్ట్రీట్‌లో పేజ్, ప్లాంట్, బోనమ్, బేస్ గిటారిస్టు జాన్ పాల్ జోన్స్ నలుగురూ మొదటిసారి కలిసి వాయించారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒలింపిక్ స్టూడియోలో మొత్తం 36 గంటల స్టూడియో సమయంలో మొదటి ఆల్బమ్ పూర్తయింది. అది 1969 జనవరిలో విడుదలైంది.

ఇక కిట్. 1968 డిసెంబరు 26న మొదలైన అమెరికా పర్యటనలో వనిల్లా ఫడ్జ్ అనే బృందానికి ముందు వీళ్లు వాయించేవారు. ఆ బృందం డ్రమ్మర్ కార్మైన్ ఆపిస్ దగ్గర 26 అంగుళాల కిక్ ఉన్న లడ్విగ్ కిట్ ఉండేది. అతని ద్వారానే బోనమ్‌కి లడ్విగ్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అప్పటినుంచి చివరిదాకా కొలతలు దాదాపు మారలేదు. కిక్ 26 అంగుళాల వ్యాసం, 14 లోతు. ముందు ఒకే ఒక టామ్ (తీగలు లేని డ్రమ్), 14 వ్యాసం, 10 లోతు (కొన్నాళ్లు 15 అంగుళాలది). ఫ్లోర్ టామ్‌లు రెండు, 16, 18 అంగుళాలవి. స్నేర్ 14 వ్యాసం, ఆరున్నర లోతు ఉన్న లోహపు సుప్రాఫోనిక్. పెడల్ లడ్విగ్ స్పీడ్ కింగ్. సింబల్స్ (లోహపు పళ్లేలు) పైస్టె కంపెనీవి, రైడ్ అనే పెద్ద సింబల్ 24 అంగుళాలు, హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్) 15. షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) మాత్రం మారుతూ వచ్చింది: మొదట మేపుల్ చెక్క, తర్వాత ఆకుపచ్చ మెరుపు పూత, 1973 నుంచి కాషాయం రంగు పారదర్శక ప్లాస్టిక్, 1977లో స్టెయిన్‌లెస్ స్టీల్. ఇన్ని రకాల షెల్స్ మీద వాయించినా వినగానే అతనేనని తెలిసిపోతుంది. కాబట్టి షెల్ మీద డబ్బు పోయడం అనవసరం, ముందు హెడ్స్ (డ్రమ్‌కి రెండు వైపులా బిగించే పొరలు) మార్చండి.

స్పీడ్ కింగ్ గురించి ఒక చిన్న సంగతి. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో "సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ" అనే నెమ్మది పాట ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే కిక్ పడినప్పుడల్లా పెడల్ కిర్రుమనడం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ కిర్రు పడే చోటు చూస్తూ వినండి, పాదం ఎప్పుడు దిగుతోందో ఎప్పుడు లేస్తోందో తెలిసిపోతుంది. డబ్బు పెట్టి కొన్న పాఠాల్లో కూడా ఇంత బాగా తెలియదు.

మీ 22 అంగుళాల కిక్‌ని ఆ దారిలోకి తేవాలంటే ఇలా చేయండి. లోపలి దిండు తీసేయండి. ముందు హెడ్‌కి (శ్రోతల వైపుది) రంధ్రం ఉంటే రంధ్రం లేనిది వేయండి. రెండు పక్కలా కోటెడ్ (గరుకు పూత ఉన్న) హెడ్ తీసుకోండి, వెనక (పెడల్ తగిలే వైపు) రెండు పొరలది, ముందు ఒక పొరది. పాత హెడ్ తీసినప్పుడు షెల్ అంచు చుట్టూ వేలు నడిపి గాట్లు, మైనం గడ్డలు లేవని చూసుకోండి. కొత్తది పెట్టి అన్ని రాడ్లనూ (హెడ్‌ని బిగించే మరల్ని) వేళ్లతో తిరిగినంత బిగించండి. తర్వాత కీతో ఎదురెదురు రాడ్లను సగం మలుపు చొప్పున తిప్పుతూ వెళ్లండి, వరసగా చుట్టూ తిప్పుకుంటూ వెళ్లకూడదు. ముడతలు పోయాక అరచేతితో మధ్యలో గట్టిగా నొక్కండి. టకటకమని చప్పుడు వస్తుంది, అది హెడ్ కుదురుకుంటున్న చప్పుడే, భయపడక్కర్లేదు. మళ్లీ ముడత కనబడితే అది పోయేదాకా తిప్పండి. ఆపైన వెనక హెడ్‌కి ముప్పావు మలుపు, ముందు హెడ్‌కి ఒకటింపావు మలుపు ఇవ్వండి. ప్రతి రాడ్‌కి అంగుళం లోపల కర్ర కొసతో తట్టి, అన్ని చోట్లా ఒకే స్వరం పలికేదాకా సరిచేయండి. ఇప్పుడు కిక్ పెద్ద టామ్‌లా మోగాలి. మరీ ఎక్కువసేపు మోగుతుంటే వెనక హెడ్ లోపలి వైపు రెండంగుళాల వెడల్పు ఫెల్ట్ పట్టీ ఒక్కటి, మధ్యకి దూరంగా, అడ్డంగా వేయండి. అంతకు మించి వద్దు.

ఇలా చేసిన తర్వాత చాలామంది "మోత వస్తోంది కానీ చెత్తగా ఉంది" అంటారు. ఎక్కువ సార్లు కారణం ఒక్కటే, బీటర్‌ని (పెడల్‌కి ఉన్న సుత్తిని) హెడ్‌కి అదిమిపెట్టి ఉంచడం. దిండు ఉన్న కిక్‌లో అది బయటపడదు. గాలి బయటికి పోని కిక్‌లో అదిమితే బీటర్ చిన్నగా వణికి "ధబ్‌బ్‌ర్" అని రెండు మూడు దెబ్బలు పడతాయి, స్వరం చచ్చిపోతుంది. కొట్టగానే బీటర్ వెనక్కి రావాలి. మడమ కొద్దిగా ఎత్తి, దెబ్బ పడ్డ వెంటనే పాదం బరువు వదిలేయడం అలవాటు చేసుకోండి. మొదటి రెండు వారాలు వేగం తగ్గుతుంది, తప్పదు.

టామ్‌లు కూడా మీరు అనుకునేదానికంటే ఎత్తు శ్రుతిలో ఉండాలి. బరువు కావాలని వదులు చేస్తే గిటార్ మొదలవగానే ఆ శబ్దం అందులో మునిగిపోతుంది. పై హెడ్ మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ, కింది హెడ్ దానికంటే ఇంకొంచెం ఎక్కువ. స్నేర్ పై హెడ్ బాగా బిగువు, కిందిది అంతకంటే బిగువు, కింది తీగలు మాత్రం గొంతు పట్టనంత వదులు. తీగల్ని బిగించేస్తే మెల్లగా కొట్టిన గోస్ట్ నోట్లు పలకవు, అతని వాయింపులో సగం ప్రాణం వాటిలోనే ఉంది.

ఇప్పుడు గది. 1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్ చివర "వెన్ ద లెవీ బ్రేక్స్" ఉంది. డ్రమ్స్ రికార్డింగ్ గురించి మాట్లాడేవాళ్లందరూ చివరికి దాని దగ్గరికే వస్తారు. హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనం. కిట్‌ని మెట్ల దారి అడుగున ఉన్న హాల్లో పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండు బేయర్‌డైనమిక్ ఎం160 మైకుల్ని పైఅంతస్తు నుంచి కిందికి చూసేలా వేలాడదీశాడు. కిక్‌కి, స్నేర్‌కి దగ్గర మైకులు లేవు. ఆ శబ్దాన్ని గట్టిగా కంప్రెస్ చేసి (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించి), పేజ్ దగ్గరున్న బిన్సన్ ఎకోరెక్ అనే ఎకో యంత్రం గుండా పంపారు. ఆపైన టేపు వేగం తగ్గించారు.

రెండే మైకులు అంత దూరంలో పెడితే కిక్, స్నేర్, సింబల్స్ దేని పాలు ఎంతో సరిదిద్దే అవకాశం ఇంజనీరుకి ఉండదు. ఆ పాళ్లు వాయించేవాడి చేతిలోనే కుదరాలి. బోనమ్ కిక్‌నీ స్నేర్‌నీ పైకి తెచ్చి, సింబల్స్‌ని అంత పెద్ద సైజువి పెట్టుకుని కూడా అదుపులో ఉంచేవాడు. మీరు ఒక పరీక్ష చేసుకోండి. ఫోన్‌ని కిట్‌కి రెండు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున పెట్టి ఒక నిమిషం మామూలు బీట్ రికార్డు చేయండి. విన్నప్పుడు హై-హ్యాట్, క్రాష్ (గట్టి దెబ్బలకి వాడే సింబల్) ముందుకొచ్చి కిక్ ఎక్కడో వెనక వినబడితే లోపం మైకుది కాదు, మీ చేతి వాటం అది. హై-హ్యాట్‌ని సగం బలంతో కొడుతూ, కిక్ మాత్రం తగ్గించకుండా మళ్లీ రికార్డు చేయండి. గట్టిగా కొట్టడం కంటే కష్టమైన సాధన ఇదే.

జామ్ రూములు సాధారణంగా తక్కువ ఎత్తులో, గోడలకి ఫోమ్ అంటించి ఉంటాయి. అక్కడ ఈ శబ్దం రాదు, ఎన్ని మైకులు మార్చినా రాదు. మోత తిరిగి రావడానికి ఎత్తు కావాలి. అపార్ట్‌మెంటు మెట్ల దారి గానీ, ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాలు గానీ అనుమతి తీసుకుని ఒక పూట వాడుకోగలిగితే మేలు. మైకులు కనీసం మూడు మీటర్ల పైన పెట్టండి. కంప్రెసర్‌లో అటాక్ (శబ్దాన్ని పట్టే వేగం) కాస్త నెమ్మదిగా, రిలీజ్ (వదిలే వేగం) వేగంగా పెట్టి, పెద్ద దెబ్బల దగ్గర పది డెసిబెల్స్ దాకా తగ్గేలా చూడండి. రెండు దెబ్బల మధ్య గది శబ్దం ఉబికి వస్తుంది. ఎకో పెట్టేటట్లయితే పాట లెక్కకు కట్టండి. నిమిషానికి 72 బీట్ల వేగంలో పదహారో భాగం 208 మిల్లీసెకన్లు. లెక్క తప్పిన ఎకో బీట్‌ని ముద్ద చేసేస్తుంది. వేగం తగ్గించేటప్పుడు శ్రుతి కూడా కలిసి దిగే పద్ధతినే ఎంచుకోండి. 5 శాతం నెమ్మదిస్తే దాదాపు ఒక స్వరస్థానం కిందికి దిగుతుంది, డ్రమ్స్ సైజు పెరిగినట్టు అనిపిస్తుంది. శ్రుతి మారకుండా సాగదీసే పద్ధతి వాడితే దెబ్బల మొనలు అరిగిపోతాయి.

మామూలు గదిలోనే రికార్డు చేయాలంటే మొదటి ఆల్బమ్ ఇంజనీరు గ్లిన్ జాన్స్ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి మీకు సరిపోతుంది. మూడు మైకులు చాలు. ఒకటి స్నేర్‌కి నేరుగా పైన, సుమారు మీటరు ఎత్తున. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, అంచుకి ఒక జానెడు పైన, హై-హ్యాట్ వైపు చూసేలా. మూడోది కిక్ ముందు. మొదటి రెండు మైకులూ స్నేర్ మధ్యకి సరిగ్గా సమాన దూరంలో ఉండాలి. కంటితో అంచనా వేయకండి, దారం పెట్టి కొలవండి. ఒక అంగుళం తేడా వచ్చినా రెండు మైకుల్లో స్నేర్ వేర్వేరు క్షణాల్లో పడి, కలిపినప్పుడు పలచబడిపోతుంది. సరిచూడటానికి రెండింటినీ మోనోలో (ఒకే ఛానెల్‌గా) కలిపి వినండి. స్నేర్ నిండుగా ఉంటే కొలత కుదిరినట్టే.

కాలి సంగతికి వద్దాం. మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట "గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్" విన్న డ్రమ్మర్లు రెండు కిక్‌లు వాడారనుకున్నారు. ఉన్నది ఒకే కిక్, ఒకే పెడల్. పదహారో భాగాల ట్రిప్లెట్‌లో మొదటి మాత్ర చేతులకి వదిలి, రెండు, మూడు మాత్రలు కాలితో వాయించాడు. "తకిట" అని నోటితో అనుకోండి. "త" దగ్గర చెయ్యి, "కిట" దగ్గర కాలు. మెట్రోనోమ్ 60లో పెట్టి బీట్‌కి ఒక తకిట చొప్పున మొదలుపెట్టండి. పాట వేగం నిమిషానికి సుమారు 94, అందులో ఒక బీట్‌కి రెండు తకిటలు పడతాయి, అంటే మీ లెక్కలో దాదాపు 188 దాకా వెళ్లాలి. వారానికి నాలుగు నుంచి ఆరు బీట్లు పెంచితే చాలు. 120 దాకా చీలమండతోనే అవుతుంది. ఆ పైన మొదటి దెబ్బ పెడల్ పలక మధ్యలో వేసి, రెండో దెబ్బకి పాదం ముందుకు జారేలా నేర్చుకోవాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, మొదటి దెబ్బ గట్టిగా పడి రెండోది నీరసంగా పడటం. రెండో దెబ్బని కావాలని గట్టిగా వేస్తూ పది రోజులు సాధన చేస్తే సమం అవుతుంది. రెండోది, తొడ బిగబట్టడం. పిక్కకి ముందు తొడ నొప్పి పుడుతోందంటే స్టూలు ఎత్తు సరిగ్గా లేదు, మోకాలు తుంటి కంటే ఒకట్రెండు అంగుళాలు కిందికి ఉండేలా స్టూలు పైకి లేపండి. అతను సోలోల్లో టామ్‌ల మీద పరిగెత్తించే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాలు వరస కూడా ఇదే కుటుంబం. అది 80లో మొదలుపెట్టండి. మూడు దెబ్బల మధ్య ఎడం సమానంగా లేకపోతే గుర్రపు దౌడులా వినిపిస్తుంది, రికార్డు చేసుకుంటే తప్ప వాయిస్తున్నప్పుడు తెలియదు.

పాటల రచన సంగతి. మామూలుగా డ్రమ్స్ వాయింపుని రచనగా లెక్కకట్టరు. సాహిత్యం, స్వరరచన, ఈ రెండింటికే హక్కు. డ్రమ్మర్‌కి వాటా ఇవ్వడం బృందంలో వాళ్లు వాళ్లు కుదుర్చుకునే మాట. మొదటి ఆల్బమ్‌లోనే "గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్", "కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్", "హౌ మెనీ మోర్ టైమ్స్" కింద పేజ్, జోన్స్, బోనమ్‌ల పేర్లున్నాయి. వేరే కంపెనీతో పాత ఒప్పందం ఉన్నందువల్ల ప్లాంట్ పేరు వేయలేకపోయారు. ఆ తర్వాత "రాక్ అండ్ రోల్", "ద క్రంజ్", "ద ఓషన్" నలుగురి పేరునా వచ్చాయి. "అవుట్ ఆన్ ద టైల్స్" పేజ్, ప్లాంట్, బోనమ్‌లది. పేర్ల జాబితా మొత్తం నిజం చెబుతుందని మాత్రం అనుకోకండి. "హోల్ లాటా లవ్" మీద బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాకే ఆయన పేరు చేరింది.

"రాక్ అండ్ రోల్" పుట్టిన తీరు చూస్తే డ్రమ్మర్ పేరు ఎందుకుందో అర్థమవుతుంది. హెడ్లీ గ్రాంజ్‌లో "ఫోర్ స్టిక్స్" అనే పాట మీద తంటాలు పడుతున్నారు. అది అయిదు, ఆరు లెక్కలు మారుతూ నడిచే పాట, కుదరడం లేదు. విసిగిన బోనమ్ లిటిల్ రిచర్డ్ పాట "కీప్ ఎ-నాకిన్" మొదట్లో ఉండే డ్రమ్స్ వరస అందుకున్నాడు. పేజ్ దానికి వెంటనే గిటార్ కలిపాడు. టేపు నడుస్తూనే ఉంది. పాట మూలం కొద్ది నిమిషాల్లో తయారైంది. అంటే పాటకి విత్తనం వేసింది డ్రమ్స్. తర్వాత "ఫోర్ స్టిక్స్" కూడా పూర్తయింది, ఒక్కో చేతిలో రెండేసి కర్రలు పట్టుకుని వాయించాడు, పాటకి ఆ పేరు అందుకే. "రాక్ అండ్ రోల్" ఎత్తుగడ వాయించేటప్పుడు అందరూ తప్పేది ఒక్కచోటే. మొదటి దెబ్బని ఒకటి అని లెక్కపెడతారు. అది ఒకటి కాదు, మూడు తర్వాతి అర. ఒక పూర్తి బార్ (నాలుగు బీట్లు) లోపల లెక్కపెట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అన్నాక ఆ అర దగ్గర మొదలుపెట్టండి. గిటార్ తన చోట తానే వచ్చి కలుస్తుంది.

"కాశ్మీర్" ఇంకా గొప్ప ఉదాహరణ. 1973 చివర్లో పేజ్, బోనమ్ ఇద్దరే గిటార్, డ్రమ్స్‌తో దాని మూలాన్ని కట్టారు. 1975 ఫిబ్రవరిలో "ఫిజికల్ గ్రాఫిటీ" ఆల్బమ్‌లో వచ్చింది. పేరు కాశ్మీర్ అయినా ప్లాంట్ సాహిత్యం రాసింది దక్షిణ మొరాకో ఎడారి దారిలో, అప్పటికి వాళ్లెవరూ కాశ్మీర్ చూడలేదు. గిటార్ మూడేసి బీట్ల చక్రంలో తిరుగుతుంది, డ్రమ్స్ నాలుగేసి బీట్లు. పన్నెండు బీట్లకి రెండూ ఒకేచోట పడతాయి. మృదంగం తాకినవాళ్లకి ఇది కొత్త కాదు, చేత్తో నాలుగు బీట్ల తాళం వేస్తూ నోటితో బీట్‌కి ఒక అక్షరం చొప్పున "తకిట" చెప్పండి, నాలుగు తకిటలు మూడు ఆవృతాల్లో సరిపోతాయి. పట్టు దొరికాక డ్రమ్స్ మీదికి వెళ్లండి. ఇందులో బోనమ్ దాదాపు ఏమీ చేయడు. కిక్, స్నేర్, హై-హ్యాట్, ఎప్పుడో ఒక ఫిల్ (వరసల మధ్య ఖాళీని నింపే చిన్న వాయింపు). గిటార్ మెలిక తిరుగుతుంటే తాను నేరుగా నిలబడటమే అతను చేసిన రచన. ఇక్కడ ఒక్క అదనపు దెబ్బ వేసినా ఆ రెండు చక్రాల లెక్క శ్రోతకి చెదిరిపోతుంది. "బ్లాక్ డాగ్"లో కూడా ఇంతే, రిఫ్ (మళ్లీమళ్లీ వచ్చే గిటార్ వరస) ఎన్ని వంకర్లు పోయినా డ్రమ్స్ నాలుగు లెక్కలోనే ఉంటాయి. ప్రతి వరసకి ముందు అతను కర్రలు తాటించుకుని లెక్కపెట్టుకునే చప్పుడు రికార్డులో వినబడుతుంది.

పూర్తిగా తన పేరు మీదే ఉన్నది "బోంజోస్ మాంట్రో", 1976లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో రికార్డు చేసిన డ్రమ్స్ వాద్యం. 1982లో, అతను పోయాక "కోడా" ఆల్బమ్‌లో విడుదలైంది. రెండో ఆల్బమ్‌లోని "మోబీ డిక్" సోలో వేదిక మీద ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట నడిచేది. మధ్యలో కర్రలు వదిలేసి వట్టి చేతులతో వాయించేవాడు.

మీ బృందంలో కూడా బీట్ నుంచే పాట పుడుతోందంటే, పుట్టిన రోజే కాగితం మీద రాసుకోండి: పాట పేరు, తేదీ, ఎవరెవరు, ఎవరికి ఎంత శాతం, అందరి సంతకాలు. విడుదల చేసేముందు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రచయితల, స్వరకర్తల రాయల్టీలు చూసే సంస్థ) ఆ శాతాలతోనే నమోదు చేయించండి. పాట పేరు తెచ్చుకున్నాక ఈ లెక్క తేల్చుకోవడం మహా కష్టం.

చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. ఇల్లు వదిలి దూరప్రయాణాలు అతనికి ఎప్పుడూ పడేవి కావు, వూస్టర్‌షైర్‌లో పొలం కొనుక్కుని హియర్‌ఫర్డ్ పశువులు పెంచుకునేవాడు. పర్యటనల్లో తాగుడు పెరిగింది, తాగితే హింస కూడా. 1977 జూలైలో అమెరికాలోని ఓక్లాండ్‌లో వేదిక వెనక ప్రమోటర్ సిబ్బందిని కొట్టిన కేసులో అతనూ ఒక నిందితుడు, శిక్ష కూడా పడింది. అతన్ని అభిమానించేవాళ్లు దాన్ని దాటవేయకూడదు. ఆ వెంటనే ప్లాంట్ కొడుకు చనిపోవడంతో పర్యటన ఆగిపోయింది. 1980 జూన్ 27న న్యూరెంబర్గ్‌లో మూడో పాట తర్వాత బోనమ్ వేదిక మీదే కూలబడ్డాడు. సెప్టెంబరు 24న రిహార్సల్‌కి వెళ్తూ పొద్దున్నే వోడ్కా మొదలుపెట్టి రోజంతా తాగాడు. రాత్రి విండ్సర్ దగ్గర పేజ్ ఇంట్లో పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం చూసేసరికి ప్రాణం లేదు. నిద్రలో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఒక రోజులో దాదాపు 40 కొలతల వోడ్కా తాగినట్టు విచారణలో తేలింది, ప్రమాదవశాత్తు మరణంగా నమోదైంది. వయసు 32. సంగీత బృందాల్లో ఉన్నవాళ్లకి ఇది పనికొచ్చే సమాచారం కాబట్టి చెబుతున్నాను: బాగా తాగి, పిలిస్తే పలకని మనిషిని "పడుకుంటే దిగిపోతుంది" అని గదిలో ఒంటరిగా వదలొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా పక్కనే ఉండండి.

1980 డిసెంబరు 4న మిగతా ముగ్గురూ బృందంగా కొనసాగలేమని ప్రకటించారు. వేరే డ్రమ్మర్‌ని పెట్టుకోలేదు. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో ఒక్క పూట మళ్లీ వాయించినప్పుడు డ్రమ్స్ మీద కూర్చుంది జేసన్ బోనమ్.

సాధనకి వరస అడిగారు కాబట్టి: ముందు "కాశ్మీర్" మొత్తం, ఒక్క ఫిల్ కూడా అదనంగా వేయకుండా. తర్వాత "రాక్ అండ్ రోల్" ఎత్తుగడ. ఆ తర్వాతే "గుడ్ టైమ్స్" కాలు. చివరికి 1979 ఆల్బమ్‌లోని "ఫూల్ ఇన్ ద రెయిన్". అది అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ వాడుకలోకి తెచ్చిన హాఫ్-టైమ్ షఫుల్ దారిలో నడుస్తుంది. బీట్‌కి మూడు మాత్రలు. హై-హ్యాట్ మొదటి, మూడో మాత్రల మీద. ఎడమ చేతి గోస్ట్ నోట్లు నడిమి మాత్ర మీద, స్నేర్‌కి అంగుళం పైనుంచి కర్రని వదిలినట్టు. గట్టి స్నేర్ మూడో బీట్ మీద ఒక్కటే. 50 వేగంలో, కిక్ లేకుండా చేతులు మాత్రమే ఒక వారం చేయండి. గోస్ట్ నోట్, గట్టి దెబ్బ ఒకే బలంతో పడుతున్నంత కాలం కిక్ కలపొద్దు. అవి విడిపోయాక కిక్ కలిపి, వేగం పెంచుకుంటూ వెళ్లండి.